పెంటియం ఎంఎంఎక్స్‌లో రెండో హార్డ్ డిస్క్: బయోస్ దగ్గరే ఆగిపోతోంది, డి డ్రైవ్ మారొద్దు

హనుమకొండ_డీటీపీ:
షాపులో పెంటియం ఎంఎంఎక్స్ 233, విండోస్ 98. తెలుగు ఫాంట్ల డాంగుల్ (ఇది తగిలిస్తేనే ఫాంట్లు పనిచేస్తయి) ప్యారలల్ (ప్రింటర్) పోర్టుది, అందుకే మెషీన్ మార్చలేం. ఉన్నది వెస్టర్న్ డిజిటల్ 4.3 జీబీ, అందులో సి, డి. పేజ్‌మేకర్ ఫైళ్ల బొమ్మల లింకులన్నీ డి మీదే. సీడీ డ్రైవ్ రెండో ఛానల్‌లో (బోర్డు మీది రెండో కేబుల్) ఒక్కటే ఉంది. సీగేట్ బరాకుడా 40 జీబీ ఐడీఈ డిస్క్‌ను జంపర్ (పిన్నుల మీది చిన్న తొడుగు) తీసి, స్లేవ్‌గా (మాస్టర్ అనే మొదటి డిస్క్ పక్కన రెండోదిగా) పాత డిస్క్ కేబుల్‌కే పెట్టినం. బయోస్ (ఆన్ చెయ్యగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం) డిస్కులు వెతికే దగ్గర ఆగిపోతోంది. పీకేస్తే మామూలే. డి అక్షరం మారకుండా ఎట్ల పెట్టాలె?

పాతబోర్డు:
అనుమానాలు రెండు. వెస్టర్న్ డిజిటల్‌లో ‘సింగిల్’ వేరు, ‘మాస్టర్’ వేరు. ఒక్కటే ఉన్నప్పుడు సింగిల్, పక్కన స్లేవ్ వస్తే జంపర్‌ను మాస్టర్ పిన్నులకు మార్చాలె. సీగేట్‌లో ఈ రెండూ ఒకటే, అందుకే చాలామంది మర్చిపోతరు.
రెండోది సైజు. 1999కి ముందటి చాలా బయోస్‌లు 33.8 జీబీ దాటిన డిస్క్ కనిపిస్తే అక్కడే ఉరేసుకుంటయి (65,535 సిలిండర్లు × 16 హెడ్లు × 63 సెక్టార్లు). ఏది కారణమో తేల్చాలంటే పాతది పీకి సీగేట్ ఒక్కదాన్నే మాస్టర్‌గా పెట్టి ఆన్ చెయ్యండి. అప్పుడూ ఆగితే సైజే. లేబుల్ మీద 32 జీబీకి కుదించే జంపర్ బొమ్మ ఉంటది, అది పెట్టండి. పైన మిగిలిన జాగా పోతది, పోనియ్యండి.

రామగుండం_రిపేర్:
నేనైతే రెండింటినీ ఒకే కేబుల్ మీద పెట్టను. ఒక ఛానల్ మీద ఒకసారి ఒకటే పనిచేస్తది, డిస్క్ నుంచి డిస్క్‌కు కాపీ చేస్తే నత్తనడకే. సీగేట్‌ను రెండో ఛానల్ మాస్టర్ చేసి (మాస్టర్ జంపర్, కుదింపు జంపర్ రెండూ), సీడీని స్లేవ్ చెయ్యండి. అప్పుడు పాత డిస్క్ జంపర్ ముట్టే పనే లేదు. కేబుల్ ఎర్రగీత పిన్ 1 వైపు, ఎక్కువగా పవర్ సాకెట్ పక్కనే. హార్డ్ డిస్క్‌కు, సీడీకి స్క్రూల మర వేరు, ఒకదానివి ఇంకోదానికి బిగించి గాడి చెడగొట్టొద్దు. రెండు డిస్కుల నడుమ డిస్క్ పెట్టే గూడు ఒకటి ఖాళీ ఉంచండి, మన దిక్కు మే ఎండలకు అది అవసరం.

హనుమకొండ_డీటీపీ:
ఒక్కదాన్నే పెట్టినా ఆగింది. కుదింపు జంపర్ పెట్టినంక బయోస్‌లో కనిపించింది. ఇప్పుడు ఎఫ్‌డిస్క్ (డిస్క్‌ను భాగాలు చేసే ప్రోగ్రాం) ఎట్ల?

పాతబోర్డు:
ఇక్కడే డి పోయేది. డాస్, విండోస్ 98 ముందు అన్ని డిస్కుల ప్రైమరీలకు (మీ సి లాంటి ప్రధాన భాగాలకు) అక్షరాలు ఇచ్చి, ఆ తర్వాతే లాజికల్ డ్రైవ్‌ల (ఎక్స్‌టెండెడ్ అనే భాగం లోపల చేసేవి, మీ డి అట్లాంటిదే) దగ్గరికి వస్తయి. రెండో డిస్క్ మీద ప్రైమరీ చేస్తే అదే డి అయి కూర్చుంటది, మీ పాత డి ఇ అవుతది. లింకులన్నీ తెగుతయి. కాబట్టి దాని మీద ప్రైమరీ అసలే వద్దు.
ముందు డి ఫైళ్లు సీడీకి రాసి పెట్టుకోండి. ఎఫ్‌డిస్క్ ఎక్కినంక పెద్ద డిస్క్ సపోర్ట్ అడిగితే వై నొక్కండి, లేకుంటే 2 జీబీ దాటనియ్యదు. 5 నొక్కి డిస్క్ 2కు మారండి. పైన 2 అని పడిందో లేదో చూసుకోకుండా ఏదీ తుడపొద్దు. పాత పార్టిషన్లు ఉంటే తీసెయ్యండి. 1, తర్వాత 2తో మొత్తం ఎక్స్‌టెండెడ్, అందులోనే లాజికల్ డ్రైవ్. రీస్టార్ట్ చేసి ఇ డ్రైవ్ ఫార్మాట్.

రామగుండం_రిపేర్:
సీడీ ఇ నుంచి ఎఫ్‌కు జరుగుతది. సీడీ అడిగే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇ అని గుర్తుపెట్టుకుని ఉంటే మొరాయిస్తది. డివైస్ మేనేజర్‌లో సీడీ ప్రాపర్టీస్, సెట్టింగ్స్‌లో అక్షరాన్ని ఆర్‌కు కట్టెయ్యండి, మళ్లీ డిస్క్ చేర్చినా కదలదు.