టైర్లు ఎగరేసే రాళ్లకి పెయింట్ లేచిపోతోంది, ముందు ఏం చేయించాలి?

కూర్మన్నపాలెం ఎర్రకారు:
అందరికీ నమస్తే. నాది విశాఖలో కూర్మన్నపాలెం, డ్యూటీ పరవాడ వైపు, రోజూ లంకెలపాలెం మీదుగా వెళ్లి రావాలి. ఆ దారిలో టిప్పర్ల సంగతి ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. బరకం కట్టకుండా కంకర వేసుకుపోయేవి కొన్ని, మలుపు తిరిగేచోట రోడ్డంతా కంకర చిప్స్ పోసినట్టే ఉంటుంది. కారు కొని 14 నెలలే అయింది. మొన్న ఆదివారం కడుగుతుంటే వెనక డోర్ కింది అంచున చేతికి గరుగ్గా తగిలింది, వంగి చూస్తే ఆవగింజంత మచ్చలు పది పన్నెండు ఉన్నాయి. వాటిలో రెండు మచ్చలకి అప్పుడే తుప్పు రంగు తిరిగింది. ఇంకా నాలుగేళ్ల ఈఎంఐ ఉంది, చూసి చాలా బాధేసింది.

టార్చి వేసి చూస్తే ముందు చక్రాల పైన ప్లాస్టిక్ లైనర్ ఉంది, వెనకవాటికి ఏమీ లేదు, ఒట్టి రేకే. రాయి తగిలినప్పుడల్లా డబ్బాలో గోళీలు వేసినట్టు చప్పుడు. ఒకరు పెయింట్ మీద సిరామిక్ పూత అంటారు, ఒకరు కింది రేకుకి కొట్టే అండర్ కోటింగ్ అంటారు, ఇంకొకరు పెయింట్ మీద అంటించే ఫిల్మ్, అదే పీపీఎఫ్ అంటారు. అన్నీ చేయించే స్తోమత లేదు. దేనితో మొదలుపెట్టాలి?

గాజువాక టింకరింగ్:
తమ్ముడూ, మచ్చలు వెనక డోర్ కింద ఉన్నాయన్నావు కదా, అవి టిప్పర్ కొట్టినవి కావు, నీ ముందు టైర్లు కొట్టినవే. టైరు గాడిలో ఇరుక్కున్న రాయి, రోడ్డు మీద వదులుగా ఉన్న చిప్పు, రెండూ తిరిగే ఊపుకి వెనక్కి ఎగిరి డోర్ల కింద రేకుకే తగులుతాయి. ఎదుటి బండి రాళ్లయితే బానెట్ అంచు, అద్దం మీద పడతాయి. కాబట్టి మొదటి ఖర్చు మడ్ ఫ్లాప్స్, అంటే టైర్ల వెనక వేలాడే పలకలు. మీ మోడల్‌కి వచ్చేవే తీసుకో, ఉన్న స్క్రూ రంధ్రాలకే బిగుస్తాయి. బయట దొరికేవి వేసి రేకుకి డ్రిల్ కొట్టిస్తే ఆ రంధ్రం అంచునే తుప్పు మొదలవుతుంది, తప్పక కొట్టాల్సి వస్తే అక్కడ ప్రైమర్, పెయింట్ రాయించాకే బిగించమను. బిగించాక స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి టైరుకి రాసుకోవట్లేదని చూసుకో.

రెండోది వెనక చక్రాల పైన ఒట్టి రేకు. మీ కారులోనే పై వేరియంట్‌కి వెనక లైనర్ వస్తుందేమో స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో అడుగు, రాకపోతే రబ్బరు కలిసిన అండర్ కోటింగ్ కొట్టించు, చప్పుడు కూడా తగ్గుతుంది. కానీ ఎలా కొడుతున్నారో దగ్గరుండి చూడాలి. కిందటేడు ఒక బండి మా షెడ్‌కి వచ్చింది, పైకి నల్లగా కోటింగ్ చక్కగా ఉంది, స్క్రూడ్రైవర్ మొనతో అంచు లేపితే అట్టులా ఊడి వచ్చింది, దాని వెనక తడి మట్టి, మట్టి వెనక రేకు పొరలు పొరలుగా పెళుసెక్కి ఉంది. బురద కడక్కుండా దానిమీదే కొట్టేశారు! చక్రాలు విప్పాలి, ఫెండర్ (చక్రం పైన ఉండే రేకు) అంచు లోపలికి మడిచి ఉంటుంది చూడు, ఆ మడతలో ఉన్న మట్టంతా నీళ్లతో తీసేయాలి, పూర్తిగా ఆరాలి, తుప్పు కనిపిస్తే గీకి ప్రైమర్ వేయాలి, ఆ తర్వాతే కోటింగ్. బ్రేక్ డిస్కులు, సైలెన్సర్, సెన్సర్ వైర్లకి కాగితం చుట్టించు. కింద నీళ్లు కారిపోయే రంధ్రాలు ఉంటాయి, వాటిని మూసేస్తే లోపలి నుంచే కుళ్లుతుంది.

భీమిలి రోడ్డు:
అన్నయ్య గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను మొదట సిరామిక్‌కే డబ్బు పెట్టాను. మెరుపు బాగుంటుంది, మురికి తొందరగా వదులుతుంది, అంతవరకే. ఆ పొర కొన్ని మైక్రాన్లే, రాయిని ఎలా ఆపుతుంది? పీపీఎఫ్ అయితే దాదాపు 200 మైక్రాన్ల మందం ఉండే మెత్తటి ఫిల్మ్, దెబ్బని తను తీసుకుంటుంది. కారంతా వేయించక్కర్లేదండీ. నేను డోర్ల కింద పట్టీ, వెనక చక్రం ముందుండే భాగం, బానెట్ ముందు అంచు, ఈ మూడు చోట్లే వేయించుకున్నాను. బంపర్ ప్లాస్టిక్ కాబట్టి పెచ్చు లేచినా తుప్పు పట్టదు, దాన్ని వదిలేశాను.

ఇంకోటి, మన ఊళ్లో సముద్రం గాలి ఉంది. రేకు బయటపడిన చిన్న మచ్చని వానాకాలం దాకా వదిలేస్తే ఉప్పు తేమకి పెయింట్ కింద నుంచి పాకి బొబ్బలా లేస్తుంది. నాకలాగే ఫెండర్ మొత్తం రంగు వేయించాల్సి వచ్చింది. ఉన్న మచ్చలు మూయించాకే ఫిల్మ్ వేయించండి.

ఉక్కునగరం మాస్టారు:
మచ్చలు మూయడం ఇంట్లోనే అవుతుంది బాబూ. కలర్ కోడ్ సాధారణంగా డోర్ ఫ్రేమ్ మీదో బానెట్ కిందో స్టిక్కర్ మీద ఉంటుంది, దాని ప్రకారం టచప్ సీసా తెచ్చుకో. తుప్పు ఉన్న రెండింటినీ సన్న ఎమ్రీ కాగితం మొనతో మెరిసే రేకు కనపడేదాకా గీకు, స్పిరిట్‌తో తుడువు, ముందు ప్రైమర్ చుక్క, ఆరాక రంగు, చివర క్లియర్, అంటే రంగు లేని పూత. సీసాలోని బ్రష్ లావుగా ఉంటుంది, పుల్ల మొనతో పెడితే మచ్చ దాటదు. ఒకేసారి నింపకు, పలచగా రెండు మూడుసార్లు పెట్టు.

నడపడం కూడా మార్చుకోవాలి. వేగం సగమైతే రాయి దెబ్బ నాలుగో వంతే. చిప్స్ ఉన్నచోట 80లో పోయే బదులు 40కి దిగితే పెయింట్ మిగులుతుంది. టిప్పర్ వెనక అతుక్కుని వెళ్లకు, వెంటనే దాటెయ్యాలనీ చూడకు, దాటేటప్పుడే దాని టైర్ల పక్కకి చేరతావు. ఇంటికి రాగానే గాడుల్లో రాళ్లు స్క్రూడ్రైవర్‌తో తీసెయ్.

కూర్మన్నపాలెం ఎర్రకారు:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవాళ నాలుగు ఫ్లాప్స్ వేయించాను, ఉన్న రంధ్రాలకే బిగిశాయి. టైర్లలోంచి పాతిక రాళ్ల దాకా తీశాను. కలర్ కోడ్ డోర్ ఫ్రేమ్ మీదే దొరికింది. అండర్ కోటింగ్‌కి చక్రాలు విప్పి చేస్తామన్న షెడ్ ఒకటి కుదిరింది, వచ్చే శనివారం దగ్గరుండి చేయిస్తాను. మచ్చలు ఈ ఆదివారమే, కానీ మబ్బుగా ఉంది, చినుకులు పడితే ఆగాలా?

ఉక్కునగరం మాస్టారు:
ఆగు. తేమలో ప్రైమర్ పట్టదు. అంతదాకా ఆ రెండు మచ్చల మీద మైనం రాసి ఉంచు, రంగు పెట్టే రోజు స్పిరిట్‌తో శుభ్రంగా తీసెయ్.