చట్టం చేసేది సభ ఒక్కటేనా? అమెరికాలోనూ, మన షెడ్యూల్డ్ ప్రాంతాల్లోనూ

ప్రశ్న (ఒడిశాలోని రాయగడ నుంచి):
సాయంత్రాలు మా అరుగు మీద డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెబుతున్నాను. అమెరికా అధ్యక్షుడూ ఆయన మంత్రులూ కాంగ్రెస్‌లో సభ్యులు కారనీ, ఆయన వీటో చేసిన బిల్లును ఉభయ సభలూ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో మళ్లీ నెగ్గించుకోవచ్చనీ, మన దగ్గర మాత్రం మంత్రులే సభలో కూర్చుని బిల్లులు పెడతారనీ, సభలు లేనప్పుడు ఆర్డినెన్సు తెస్తారనీ వివరించాను. నిన్న ఒక అమ్మాయి తాతగారి నాటి భూమి కాగితం తెచ్చి, సబ్‌కలెక్టరు అనుమతి ముద్ర పక్కన ఉన్న "1956 నాటి 2వ రెగ్యులేషన్" అనే మాటపై వేలు పెట్టి, ఇది ఏ సభ చేసిన చట్టమని అడిగింది. నేను చెప్పలేకపోయాను. తెలిసినవారు వివరించగలరు.

జవాబు (గుణుపురం నుంచి):
మాస్టారు గారూ, ఆదివాసీల భూమి ఇతరుల చేతికి పోకుండా ఆపే ఆ రెగ్యులేషన్‌ను ఏ సభా చేయలేదు. రాజ్యాంగం అయిదవ షెడ్యూలు, 5వ పేరా ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల (రాష్ట్రపతి ప్రకటించిన గిరిజన ప్రాంతాల) శాంతి, సుపరిపాలనల కోసం గవర్నరే రెగ్యులేషన్ చేయవచ్చు. దానితో పార్లమెంటు చట్టాన్నైనా ఆ ప్రాంతం వరకు సవరించవచ్చు, రద్దు చేయవచ్చు. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం పొందాలి, అంతే. ఆంధ్రలో మన బంధువులు "1/70 చట్టం" అనేది కూడా ఇలాంటిదే, అది 1959 నాటి రెగ్యులేషన్‌కు 1970లో వచ్చిన సవరణ. గవర్నరు మంత్రిమండలి సలహాపైనే నడుచుకుంటారు కనుక, ఆచరణలో ఇది మంత్రివర్గం చేతిలోని అధికారమే. 2023 నవంబరులో ఈ 1956 రెగ్యులేషన్‌ను సవరించి, ఆదివాసీల భూమిని ఇతరులకు అమ్ముకునే వీలు కల్పించాలని ఒడిశా మంత్రివర్గం నిర్ణయించింది, నిరసనలు రాగానే కొద్ది రోజుల్లోనే నిలిపివేసింది. మన కాళ్ల కింది నేలకు సంబంధించిన ఇంత పెద్ద మార్పు సభలో బిల్లుగా రాకుండానే తలపెట్టగలగడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

జవాబు (సిరొంచ నుంచి):
ఈ అధికారం ఎప్పుడూ కీడే చేస్తుందని అనలేమండీ. 2020 మేలో మహారాష్ట్ర గవర్నరు అటవీ హక్కుల చట్టాన్ని షెడ్యూల్డ్ ప్రాంతాల వరకు సవరించి, జిల్లా కమిటీ తిరస్కరించిన దరఖాస్తులపై డివిజన్ స్థాయి కమిటీకి అప్పీలు చేసుకునే దారి తెరిచారు. మా గడ్చిరోలి వంటి జిల్లాలో, తాతల కాలం నుంచి దున్నుతున్న పోడుకు పట్టా రాని మనిషికి అది చిన్న విషయం కాదు. అమెరికా అధ్యక్షునికి ఇటువంటి అధికారం లేదు. 1952 ఏప్రిల్‌లో, కొరియా యుద్ధం నడుస్తుండగా, ట్రూమన్ ఉక్కు కర్మాగారాలను ఉత్తర్వుతో స్వాధీనం చేసుకుంటే, చట్టం చేసే పని కాంగ్రెస్‌దేనని జూన్ 2న అక్కడి సుప్రీంకోర్టు 6-3 ఆధిక్యంతో కొట్టివేసింది. మన ఆర్డినెన్సులకూ కోర్టు కళ్లెం వేసింది. 1967 నుంచి 1981 వరకు బీహారు 256 ఆర్డినెన్సులు తెచ్చి, కొన్నిటిని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ జారీ చేస్తే, 1986లో మన సుప్రీంకోర్టు అది రాజ్యాంగానికి మోసమని తేల్చింది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆ అమ్మాయి కాగితాన్నే రేపటి పాఠంగా పెట్టుకుంటాను. సలహా మండలి సభ్యుల్లో నాలుగింట మూడు వంతుల మంది వీలైనంత వరకు శాసనసభలోని గిరిజన ప్రతినిధులే ఉండాలని అదే షెడ్యూలు 4వ పేరా చెబుతోంది కనుక, మన ఎమ్మెల్యే అందులో ఉన్నారో లేదో కనుక్కురమ్మని పిల్లలకు చెబుతాను.