మందు వద్దనడానికి సాకు చెప్పాలా, సూటిగా చెప్పాలా?

కొత్త ఉద్యోగి:
అందరికీ నమస్కారం. నా వయసు 22. ప్రకాశం జిల్లా నుంచి వచ్చి హైదరాబాదులో తొలి ఉద్యోగంలో చేరాను. మా బృందంలో శుక్రవారం సాయంత్రం సిట్టింగు ఉండాల్సిందే. నాకు మందు అలవాటు లేదు, చేసుకోవాలనీ లేదు. మొదటిసారి అడిగినప్పుడు "యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నాను" అని తప్పించుకున్నాను. తరవాత కూడా అదే పాట పాడుతూ వచ్చాను. ఇప్పుడు మా టీం లీడ్ "ఏం కోర్సయ్యా అది, డిగ్రీ కోర్సా?" అని అందరి ముందూ నవ్వుతున్నారు.

పోయిన శుక్రవారం నేను చేతులు కడుక్కుని వచ్చేలోపు నా కూల్‌డ్రింకు గ్లాసులో ఎవరో వోడ్కా కలిపారు. ఒక గుక్క మింగగానే గొంతు మండింది. తలెత్తి చూస్తే బల్ల చుట్టూ అందరూ నా ముఖంలోకే చూస్తున్నారు, ఒకతను ఫోనులో వీడియో తీస్తున్నాడు. పళ్లు బిగబట్టి నవ్వేసి ఊరుకున్నాను.

గదికి వస్తే ఇంకో గొడవ. నాతో ఉండే ఇద్దరిలో ఒకతను గంజాయి సిగరెట్టు చుట్టి "ఒక్క దమ్ము లాగు, ఏమీ కాదు" అంటాడు.

సాకులతోనే నెట్టుకురావాలా, "నేను తాగను" అని తేల్చి చెప్పాలా? చెబితే బృందంలో ఒంటరినైపోతానేమోనని ఉంది.

గోదారి గట్టు:
సాకే చెప్పు తమ్ముడూ, అందులో తప్పేముంది? కొత్త ఉద్యోగం, ఇంకా ప్రొబేషన్ కూడా అయి ఉండదు. అడిగిన ప్రతివాడికీ మన సిద్ధాంతాలు విప్పి చెప్పాల్సిన పని లేదు. కాకపోతే మాత్రల సాకు పాతబడింది, "ఈ రాత్రి బండి నేను నడుపుతాను" అను. తాగి నడిపేవాడి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే కేసు. మొదటిసారి దొరికినా 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. వారాంతంలో హైదరాబాదు రోడ్ల మీద ఆ గొట్టంలో ఊదడం ఎవరికీ ఇష్టం ఉండదు. అందరినీ ఇంటి దగ్గర దింపేవాడికి ఎవడూ పెగ్గు పోయడు.

మందుల కొట్టు:
మా వృత్తి మాట ఒకటి. యాంటీబయాటిక్ అనగానే మందు ముట్టకూడదని జనం అనుకుంటారు గానీ అన్నిటికీ ఒకే తీరు కాదు. మెట్రోనిడజోల్, టినిడజోల్ లాంటివి వాడేటప్పుడు మద్యం తాగితే వాంతులు, గుండెదడ రావచ్చని డాక్టర్లు గట్టిగా హెచ్చరిస్తారు. ఆ బల్ల దగ్గర తెలిసినవాడు ఒకడుండి "ఏదీ, చీటీ చూపించు" అంటే నీ దగ్గర సమాధానం ఉండదు.

పెళ్లిళ్ల పేరయ్య:
సాకు చెప్పమనేవాళ్లు ఇది వినండి. మా మేనమామ కొడుకు చుక్క ముట్టని మనిషి. స్నేహితుల పోరు పడలేక "లివర్ బాగాలేదు, డాక్టరు వద్దన్నాడు" అని ఆఫీసులో చెప్పుకున్నాడు. ఏడాది తిరక్కుండా సంబంధం కుదిరే వేళ ఆడపెళ్లివారు మనవాళ్ల పద్ధతి ప్రకారం ఆఫీసులో వాకబు చేశారు. అక్కడివాళ్లు నిజాయతీగా, మంచి చేస్తున్నామనుకునే చెప్పారు: "కుర్రాడు బంగారం అండీ, లివర్ దెబ్బ తిన్నాక మందు పూర్తిగా మానేశాడు." జన్మలో తాగనివాడికి తాగి మానినవాడన్న పేరు వచ్చింది. సంబంధం చెడలేదు గానీ, లివర్ పరీక్షలు చేయించి ఆ కాగితాలు వియ్యంకుడి చేతిలో పెట్టాల్సి వచ్చింది.

శరణుఘోష:
నేను ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. ఆ 41 రోజులు మా స్నేహితుల్లో ఒక్కడు కూడా "ఒక్క పెగ్గు" అనడు. నా ఎదుట సీసా మూత తీయరు, స్వామీ అని పిలుస్తారు, నాకోసం ఉల్లిపాయ లేకుండా పలహారం తెప్పిస్తారు. మాల తీసిన సాయంత్రం సీసాతో వాళ్లే ఇంటికి వస్తారు! అంటే పక్కవాడి నియమాన్ని గౌరవించడం వీళ్లకు చేతకాదని కాదు. దేవుడు వద్దన్నాడంటే ఒప్పుకుంటారు, డాక్టరు వద్దన్నాడంటే ఒప్పుకుంటారు, అమ్మ మీద ఒట్టేశానంటే కూడా సరే అంటారు. "నాకు ఇష్టం లేదు" అంటే మాత్రం అదొక కారణమే కాదు వాళ్లకు. సాకు చెప్పిన ప్రతిసారీ, మనిషి సొంత ఇష్టానికి విలువ లేదన్న ఆ లెక్కను మనమూ ఒప్పుకుంటున్నట్టే.

గోదారి గట్టు:
శరణుఘోష గారూ, మాట బాగుంది. కానీ మొత్తం మగజాతి లెక్క మార్చే బరువు 22 ఏళ్ల కుర్రాడి నెత్తిన పెట్టడం న్యాయమా? అతనికి కావలసింది ఈ శుక్రవారం గడవడం.

దసరా దావత్:
మాది కరీంనగర్ వైపు. తాగేవాళ్ల తరఫున కూడా ఒకరు మాట్లాడాలి కదా. మా ఇళ్లలో దసరాకు, బోనాలకు దావత్ అంటే మందు, మాంసం ఉంటాయి. గ్లాసు చేతికివ్వడం మర్యాద. వద్దంటే "మా ఇంట్లో చేయి కడగవా" అన్నట్టు పెద్దవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. అందులో దురుద్దేశం ఏమీ ఉండదు. మా చిన్నాన్న తాగడు. గ్లాసు అందుకుని, కళ్లకద్దుకుని, పక్కవాడికి అందిస్తాడు. ఇచ్చినవాడికీ తృప్తి, ఆయన నియమం ఆయనకూ దక్కుతుంది. సూటిగా చెప్పడమంటే ముఖం మీద కొట్టినట్టు చెప్పడమని ఎవరన్నారు? కూల్‌డ్రింకులో వోడ్కా కలపడం మాత్రం మా దగ్గర కూడా మర్యాద అనిపించుకోదు. అది మోసం.

మూడో అంతస్తు:
ఇక్కడ అందరూ తమ్ముడూ, అన్నా అనే మాట్లాడుతున్నారు కాబట్టి ఆడవాళ్ల సంగతి కూడా చెబుతాను. నేను తాగకపోతే "పల్లెటూరి పిల్ల" అంటారు, తాగితే మరుసటి రోజు క్యాంటీనులో నా గురించి వేరే మాటలు. రెండువైపులా పదునే. గ్లాసులో తెలియకుండా కలిపే ఆట ఒక అమ్మాయితో ఆడితే దాన్ని సరదా అంటారా? అబ్బాయి అయినంత మాత్రాన సరదా ఎలా అవుతుంది? అతనికి మద్యంతో పడని మందు నిజంగానే వాడుతుంటే ఏమయ్యేది? ఇందులో సాకా, సూటిమాటా అన్న చర్చే లేదు. ఆ వీడియో తీసినవాడి చేతే తీసేయించు, ఇక మీదట నీ గ్లాసు నీ చేతిలోనే ఉంచుకో.

నల్లబల్ల:
మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి, రెండు ముక్కలు చెబుతాను. 1951లో సాలమన్ యాష్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. ఒక గీత చూపించి, దానికి సమానమైనది పక్కనున్న మూడింటిలో ఏదో చెప్పమంటాడు. చిన్నపిల్లలకైనా తెలిసేంత తేలిక. కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు గీతను చూపిస్తారు. అసలు సంగతి తెలియని మనిషి, కళ్లు చెబుతున్నది పక్కన పెట్టి, దాదాపు మూడింట ఒక వంతు సార్లు గుంపుతోనే గొంతు కలిపాడు. గుంపులో ఒకే ఒక్కడు సరైన జవాబు చెబితే మాత్రం ఆ లొంగుబాటు బాగా తగ్గిపోయింది.

1993లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ విద్యార్థుల తాగుడు గురించి అడిగి చూశారు. తమకు లోలోపల ఇబ్బందిగానే ఉన్నా, మిగతావాళ్లు హాయిగా ఉన్నారని విద్యార్థులు అనుకుంటున్నట్టు తేలింది. కాబట్టి కొత్త ఉద్యోగి గారూ, బల్ల దగ్గర ఒకే పెగ్గు పట్టుకుని గంటల తరబడి ఐసు కరిగించుకుంటున్న మనిషి ఎవరో గమనించండి. మీరు ముందు మాట కలపాల్సింది ఆ మనిషితో.

కోర్టు మెట్లు:
మందు గురించి అందరూ మాట్లాడారు, గంజాయిని వదిలేశారు. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకండి. మందు తాగడానికి ఆంధ్రలో, తెలంగాణలో వయసు 21 దాటాలి, ఇతనికి దాటింది. గంజాయికి ఏ వయసూ లేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం సేవించడమే నేరం: ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో 25వ సెక్షన్ ఉంది. తన అధీనంలో ఉన్న గదిని ఇలాంటి నేరానికి వాడుకుంటున్నారని తెలిసి సాగనిస్తే, ఆ గది ఎవరి అధీనంలో ఉందో వాళ్లకూ శిక్ష తప్పదు. అద్దె ఒప్పందం మీద ఎవరి సంతకం ఉందో ఈ రాత్రే చూసుకోండి. అక్కడ మొహమాటం పనికిరాదు, సాకూ పనికిరాదు. "గదిలో వద్దు, లేదంటే నేను గది మారతాను" అని మూడో అతని ఎదుటే చెప్పండి.

ఇది వినగానే ఆ గదిలో కుర్రాణ్ణి పోలీసులకు పట్టిద్దామని ఎవరైనా అంటారేమో, ఇదీ తెలుసుకోండి. అలవాటుకు బానిసై, తనంతట తాను చికిత్సకు వెళ్లి పూర్తి చేసుకున్నవాడికి ఆ కేసు నుంచి 64ఎ సెక్షన్ రక్షణ ఇస్తుంది. 14446కు ఫోన్ చేస్తే చికిత్స ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. బెదిరించే ముందు ఆ నంబరు అతని చేతిలో పెట్టండి.

కొత్త ఉద్యోగి:
అందరికీ ధన్యవాదాలు. అద్దె ఒప్పందం తీసి చూశాను, సంతకం నాదే. ముందు ఆ సంగతి తేలుస్తాను. ఆఫీసు విషయం శుక్రవారం బల్ల దగ్గర కాకుండా గురువారం టీ వేళ టీం లీడ్ గారికి విడిగా చెబుతాను. కోర్సూ లేదు, జబ్బూ లేదు, నేను తాగను సార్, సిట్టింగుకు మాత్రం వస్తాను అంటాను. ఐసు కరిగించుకునే మనిషిని కూడా గుర్తుపట్టాను. మా పక్క సీటు అన్నయ్యే.

గోదారి గట్టు:
నేను ఇప్పటికీ సాకు పక్షమే, అయినా నీ ఇష్టం. గురువారం ఎలాగూ నోరు విప్పుతున్నావు కాబట్టి బిల్లు సంగతి కూడా అప్పుడే తేల్చుకో తమ్ముడూ. మంచింగులో వాటా వేసుకో, సీసాలో వేసుకోకు. మా బృందంలో సోడా తాగినవాడి చేత కూడా స్కాచ్ డబ్బులు కట్టించారు.

దసరా దావత్:
అది మాత్రం నిజం. తాగనివాళ్లు వేపుడు ముక్కలన్నీ లాగించేస్తారన్న లెక్క కూడా వేయాలి మరి!