మొదటి డ్రాఫ్టులోనే ఎర్రసిరా పెట్టాలా?

అచ్చుతప్పు: అమెరికా కాలేజీల్లో ఫస్టియర్ కాంపోజిషన్ (వ్యాసరచన కోర్సు) చెప్పేవాళ్ళు ఇక్కడ కొందరున్నారు కాబట్టి అడుగుతున్నా. మన తెలుగు పిల్లల చేత వ్యాసానికి 3 డ్రాఫ్టులు రాయిస్తే, భాషాదోషాలు మొదటి దాంట్లోనే దిద్దాలా, చివరిదాకా ఆగాలా?

ఎర్రసిరా: మొదట్లోనే. ‘సమస్య గురించి చర్చించాం’ అనుకున్న తెలుగు బుర్ర ‘డిస్కస్డ్ అబౌట్ ద ప్రాబ్లమ్’ అనే రాస్తుంది. ఆ ‘గురించి’ అక్కడ అక్కర్లేదని ఎవరూ చెప్పకపోతే మూడో డ్రాఫ్టులోనూ అదే ఉంటుంది. అప్పుడు మార్కులు కోస్తే అన్యాయం.

చిత్తుకాగితం: కొట్టేయాల్సిన పేరాకి కామాలు సరిచేసి ఏం లాభమండీ? మొదటి డ్రాఫ్టు సాధారణంగా ‘మానవ చరిత్ర ఆరంభం నుంచీ’ అంటూ మొదలవుతుంది. అసలు వాదన చివరి పేరాలో ఎక్కడో నక్కి ఉంటుంది. రాస్తూ రాస్తూ ఉంటేనే తను ఏం అనదలచుకున్నాడో పిల్లాడికి తెలుస్తుంది మరి. పేజీ నిండా ఎర్రగీతలు చూస్తే వాటినే సరిచేసి తిరిగిస్తాడు, పేరాలు మాత్రం కదపడు.

నేనైతే ముందుగా, రాసేసిన డ్రాఫ్టు నుంచే అవుట్‌లైన్ గీయించమంటాను. ప్రతి పేరా పక్కన అది చెప్పేదేమిటో ఒక్క వాక్యం రాయాలి. రెండు పేరాలకు ఒకే వాక్యం వస్తే కలిపేయాలి. వాక్యమే తట్టకపోతే ఆ పేరాలో సరుకు లేదన్నమాట. చివరి పేరా వాక్యమే అన్నిటికన్నా పదునుగా ఉంటే దాన్ని తెచ్చి మొదట పెట్టి, మిగతావి దానికి తగ్గట్టు తిరగరాయాలి. వ్యాకరణ పాఠాలతో రాత బాగుపడదని అమెరికాలో రాత బోధన పరిశోధనలపై వచ్చిన 1963 నివేదికే తేల్చింది కదా.

ఎర్రసిరా: ఆ నివేదిక వ్యాకరణాన్ని విడిగా పాఠంగా చెప్పడం గురించి. రాసినదాన్ని దిద్దడం వేరు. మీకు కావలసింది రెండో భాషలో రాత మీద పరిశోధించిన జాన్ ట్రస్కాట్ 1996 వ్యాసం, వ్యాకరణ దోషాలు దిద్దడమే మానేయమన్నది ఆయన. దానికి 1999లో అదే రంగంలోని డానా ఫెరిస్ గట్టిగానే బదులిచ్చారు. అవుట్‌లైన్ మాట మాత్రం ఒప్పుకుంటా.

మార్జిన్‌మనిషి: కాంపోజిషన్ అధ్యాపకుడు రిచర్డ్ హాస్‌వెల్ 1983లో చెప్పిన పద్ధతి మధ్యేమార్గం. తప్పున్న వరుస పక్కన మార్జిన్‌లో ఒక గుర్తు పెట్టి ఊరుకోవాలి, వెతుక్కునే పని విద్యార్థిది. స్పెల్లింగు, ఫుల్‌స్టాపు, తెగిపోయిన వాక్యం లాంటివి చాలావరకు వాళ్ళే పట్టేస్తారు. మన పిల్లల దగ్గర ఇది బెడిసికొట్టేది ఆర్టికల్స్‌లో (ఎ, యాన్, ద). తెలుగులో ‘ద’ లాంటిది లేదు కాబట్టి, లేనిచోట లోటు చెవికి తెలీదు. గుర్తు చూసి సరైన మాటనే మార్చేస్తారు. అందుకే ఆర్టికల్స్‌కి, ‘డిస్కస్ అబౌట్’ బాపతు వాటికి రెండో డ్రాఫ్టులో ఒక్కచోట దిద్ది కారణం రాయాలి, మిగతాచోట్ల గుర్తు చాలు. ఒక వ్యాసానికి రెండు రకాల దోషాలకు మించి పట్టుకోవద్దు.

ఎర్రసిరా: మూడో రకం?

మార్జిన్‌మనిషి: తర్వాతి వ్యాసంలో. 20 మంది క్లాసు, ఒక్కొక్కరికి 20 నిమిషాలన్నా ఒక్క డ్రాఫ్టుకే 6 గంటల 40 నిమిషాలండీ. అన్నీ దిద్దుతాననేవాళ్ళు పదో కాగితం దాటాక ఏం దిద్దుతున్నారో ఓసారి తీసి చూసుకోండి.