ఆర్మేనియన్ల సంస్మరణ: చట్టానికీ తీర్మానానికీ ఆచరణలో తేడా ఏమిటి?

అంతర్జాతీయ చట్టాలు తెలిసినవారు దయచేసి నా సందేహం తీర్చగలరు. 1915లో ఒట్టోమన్ (నేటి టర్కీ కేంద్రంగా ఉన్న సామ్రాజ్యం) ప్రభుత్వం కాన్‌స్టాంటినోపుల్‌లో ఆర్మేనియన్ మేధావులను నిర్బంధించిన ఏప్రిల్ 24నే ఆర్మేనియన్ల జాతిహననపు (ఆ సామ్రాజ్యంలో జరిగిన వారి సామూహిక హత్యాకాండ) సంస్మరణ దినంగా పాటిస్తున్నారు. ఫ్రాన్స్ 2001లో ఆ జాతిహననాన్ని గుర్తిస్తూ ఒకే ఒక్క వాక్యంతో చట్టం చేసి, 2019లో డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) ద్వారా ఆ తేదీని జాతీయ సంస్మరణ దినంగా ప్రకటించగా, జర్మనీ పార్లమెంటు 2016లో తీర్మానంతో సరిపెట్టింది (అందులో ఒట్టోమన్లకు ఆనాడు మిత్రపక్షమైన జర్మన్ సామ్రాజ్యపు బాధ్యతనూ ఒప్పుకోవడం నాకు విశేషంగా తోచింది). అమెరికాలోనూ 2019లో ఉభయ సభలు చేసినవి తీర్మానాలే.

కేవలం తీర్మానం ఉన్న దేశంలో తర్వాతి ప్రభుత్వం సంస్మరణను విస్మరిస్తే, న్యాయస్థానంలో ప్రశ్నించే హక్కు పౌరులకు ఉంటుందా? ఆర్మేనియన్ల జాతిహననాన్ని నిరాకరించడాన్ని శిక్షార్హం చేసే చట్టాన్ని ఫ్రాన్స్ రాజ్యాంగ మండలి (చట్టాలు రాజ్యాంగబద్ధమా కాదా అని తేల్చే సంస్థ) 2012లో కొట్టివేసినందున, 2001 చట్టానికైనా అమలు చేయదగిన బలం మిగిలి ఉందా?