‘ఇరురొట్టె’ అనవచ్చునా? శాండ్‌విచ్ అనే మాట మీద చర్చ

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. నాకు బాగా ఇష్టమైన రెండు శాండ్‌విచ్‌ల గురించి ఒక వ్యాసం రాస్తున్నాను. ఒకటి చాలా ఏళ్ల కిందట ఒక రెస్టారెంట్‌లో తిన్న మూడు బ్రెడ్ ముక్కల క్లబ్ శాండ్‌విచ్. రెండవది రాత్రి పొద్దుపోయాక ఆకలి వేస్తే, వంటింట్లో ఉన్నవాటితో నేనే చేసుకునే చీజ్ శాండ్‌విచ్. రాయడం మొదలుపెట్టాక వాక్యానికి నాలుగు ఇంగ్లీషు మాటలు దొర్లుతున్నాయని గమనించి, శాండ్‌విచ్‌కు ‘ఇరురొట్టె’ అని, చీజ్‌కు ‘జున్ను’ అని పెట్టి చూశాను. తిరిగి చదివితే అది నేను తిన్నదానిలా అనిపించలేదు. ఈ మాటలు వాడవచ్చునా? వాడకూడదంటే, కనీసం ‘శాండ్‌విచ్’ అని రాయాలో ‘సాండ్‌విచ్’ అని రాయాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు

అమ్మా, తేలిక ప్రశ్నకు ముందు జవాబు చెప్పి, కష్టమైనదాని దగ్గరకు తరువాత వస్తాను. ‘శాండ్‌విచ్’ అనే రాయండి. ఇంగ్లీషులో ఉన్నది సకారమే కదా అని కొందరు దిద్దుతుంటారు గానీ ఆ దిద్దుబాటు అనవసరం. అందులోని అచ్చుకు తెలుగులో విడిగా అక్షరం లేదు కనుక దానిని మనం యకారం సాయంతో రాసుకుంటున్నాం: బ్యాంకు, ట్యాంకు, క్యాంపు. సకారానికి ఆ యకారం చేరితే ‘స్యా’ కావాలి. తెలుగువారి నోట అది ‘శా’గా మారింది. శాంపిల్, శాటిలైట్, శాండ్‌విచ్ అన్నీ ఆ దారిన వచ్చినవే. బెంచి, మార్చి, టార్చి అన్నట్టు ‘శాండ్‌విచ్చి’ అని కూడా అనవచ్చు, తప్పేమీ లేదు. రాతలో మాత్రం చివర అచ్చు లేని హలంత రూపమే ఎక్కువగా కనిపిస్తుంది.

‘జున్ను’ వద్దు. నిఘంటువు ఒప్పుకున్నా నాలుక ఒప్పుకోదు. తెలుగు పాఠకునికి ఆ మాటతో గుర్తుకు వచ్చేది తొలిపాల తీపి వంటకం. చీజ్‌ను చీజ్ అనే అనండి.

ఇక ‘ఇరురొట్టె’ సంగతి. సమాసం చక్కగానే కుదిరింది, చిక్కంతా వస్తువుతోనే. మీ వ్యాసంలోని మొదటి శాండ్‌విచ్‌కే ఆ పేరు పనికిరాదు, ఎందుకంటే దానికి ముక్కలు మూడు. డెన్మార్క్ వాళ్ల స్మోర్‌బ్రోడ్‌కు ఉన్నది అడుగున ఒక్క ముక్కే. వెన్న, రొట్టె అనే రెండు మాటలు కలిసి దాని పేరయ్యాయి, పైన మూత ఉండదు. పొడవాటి రొట్టెను పక్కనుంచి చీల్చి కూరేటప్పుడు ఒక అంచును కోయకుండా వదిలేస్తారు కనుక అది ఒకటో రెండో చెప్పలేం. ఈ లెక్క కోర్టుల దాకా వెళ్లింది. 2006లో అమెరికాలోని మాసచుసెట్స్ రాష్ట్రంలో, ఒక దుకాణ సముదాయం లీజు తగాదాను విచారించిన న్యాయమూర్తి, శాండ్‌విచ్ అంటే రెండు బ్రెడ్ ముక్కలుండాలనీ, లోపల కూరలు పెట్టి చుట్టే మెక్సికన్ వంటకమైన బరీటోకు ఉన్నది ఒకే టోర్టియా (పలచని రొట్టె) కనుక అది శాండ్‌విచ్ కాదనీ చెప్పారు. 2024లో ఇండియానా రాష్ట్రంలో మరొక న్యాయమూర్తి, టాకోలూ (మడిచిన టోర్టియాలో కూరినవి) బరీటోలూ మెక్సికన్ తరహా శాండ్‌విచ్‌లేనని తేల్చారు. న్యాయస్థానాలు ఏకాభిప్రాయానికి రాని సంఖ్యను మనం పేరులోనే ‘ఇరు’ అని బిగించడం దేనికి?

ఆకారాన్ని వర్ణించే పేరు ఆకారం మారిన మరుక్షణం అబద్ధమవుతుంది. ‘శాండ్‌విచ్’ అనే పేరు తిండిని అసలు వర్ణించదు కనుకనే అన్నిటికీ చెల్లింది. అది ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో ఒక ఊరు. పాత ఇంగ్లీషులో దాని మొదటి సగం ఇసుక, రెండవ సగం వర్తకం జరిగే ఊరు. మన ‘పేట’ లాంటిది. మాటకు మాట తెలుగు చేస్తే మీరు ఆ రెస్టారెంట్‌లో తిన్నది ‘ఇసుకపేట’ అవుతుంది, పంటికింద ఆ పేరు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. 1660లో ఎడ్వర్డ్ మాంటగ్యూ అనే ఆంగ్లేయునికి ఎర్ల్ అనే ప్రభు హోదా వచ్చినప్పుడు, ఆ బిరుదుకు ఈ ఊరి పేరు పెట్టారు గానీ, మొదట అనుకున్నది పోర్ట్స్‌మత్ అనే ఊరి పేరు. అది మారకుండా ఉండి ఉంటే మన చర్చ ‘పోర్ట్స్‌మత్’కు తెలుగు ఏమిటని సాగేది. ఆ వంశంలో నాలుగవ ఎర్ల్ అయిన జాన్ మాంటగ్యూ (1718–1792) వల్ల బిరుదు తిండికి అంటుకుంది. జూదపు బల్ల విడిచి లేవలేక, ఇరవైనాలుగు గంటలపాటు బ్రెడ్ ముక్కల మధ్య మాంసం పెట్టించుకుని తిన్నాడనే కథ, 1765లో లండన్ చూసిన గ్రోస్లే అనే ఫ్రెంచి యాత్రికుని పుస్తకం ద్వారా వ్యాపించింది. ఎర్ల్ జీవితచరిత్ర రాసిన రోడ్జర్ మాత్రం, నౌకాదళ వ్యవహారాలు చూసిన ఆ మనిషి తన రాతబల్ల దగ్గరే అలా తిని ఉండే అవకాశం ఎక్కువ అంటారు. నాకు రెండవదే నమ్మదగినదిగా తోస్తుంది, బహుశా నేనూ బల్ల దగ్గరే తింటాను కనుక. 1762 నవంబరు 24న చరిత్రకారుడు గిబ్బన్ తన దినచర్యలో, పెద్దమనుషులు చిన్న బల్లల దగ్గర కూర్చుని చల్లారిన మాంసం ముక్కతోనో శాండ్‌విచ్‌తోనో రాత్రి భోజనం ముగించడం గురించి రాసుకున్నాడు. ఆ మాటకు అర్థం చెప్పవలసిన అవసరం అతనికి అప్పటికే కనిపించలేదు.

సొంత మాట కల్పించుకున్న భాషలు లేకపోలేదు. ఐస్‌లాండ్ వాళ్లు ‘సమ్‌లోకా’ అంటారు. కలిసి మూసుకునేది అని భావం, రెండు చిప్పల సముద్రజీవికీ అదే పేరు. నాకు తెలిసిన కల్పనలలో ఇంత అందమైనది మరొకటి లేదు. ఇటలీలో ‘నడుమ’ అనే అర్థమున్న మాట నుంచి ‘త్రమెజ్జీనో’ను పుట్టించిన ఘనతను కవి దన్నున్‌జియోకు ఇస్తారు. అయితే నేడు ఇటలీలో ఆ పేరు అంచులు తీసేసిన, మెత్తని తెల్ల బ్రెడ్ త్రికోణాలకే చెందుతుంది. మొత్తం జాతికి పెట్టిన పేరు ఒక్క రకానికి మిగిలింది. ‘ఇరురొట్టె’ బతికినా దాని గతి అంతేనని నా భయం.

నిజానికి మీ వ్యాసానికి తెలుగు కావలసింది క్రియల దగ్గర, అక్కడ మనకు కొరత లేదు. వెన్న విషయమే చూడండి. చాకుతో పలచగా చేసేది రాయడం, అంచుల దాకా సందు లేకుండా చేసేది పూయడం, ఆకలి మీద ఉన్నవాడు చేసేది పులమడం. మూడింటికీ మీరు ‘స్ప్రెడ్ చేయడం’ అని రాస్తే మూడు రకాల మనుషులు ఒకటైపోతారు. ఆ వెన్నకు రుచితోపాటు మరొక పని ఉంది: కొవ్వు నీటిని రానివ్వదు కనుక టమాటా రసం బ్రెడ్‌లోకి పోదు. టమాటా మీద ఉప్పు ముందే చల్లితే నీరు ఊరుతుంది, ఊరిన నీరు బ్రెడ్‌లో ఇంకుతుంది, ఇంకిన చోట బ్రెడ్ నానుతుంది, నానినది కాసేపటికి ముద్దవుతుంది. ఊరడం, ఇంకడం, నానడం, ముద్దవడం: ఒక శాండ్‌విచ్ పాడయ్యే క్రమమంతా నాలుగు చిన్న క్రియలలో ఉంది, వాటిలో ఒకదాని చోట మరొకటి పెట్టలేము.

అలాగే ‘టోస్ట్ చేసిన’ అనేదానికి నేను ‘దోరగా కాల్చిన’ అంటాను. దోర అంటే మొదట కాయ పండుతున్న దశ. వంటలో అది రంగు తిరిగిన దశకు పేరయింది. పిండిపదార్థంలోని చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి ఆ రంగునూ వాసననూ పుట్టించే చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ 1912లో వివరించాడు. కానీ ఎక్కడ ఆపాలో చెప్పడానికి ‘దోర’ అనే రెండక్షరాలు చాలు. మీ చీజ్ శాండ్‌విచ్‌కు సన్నని మంట ఎందుకో కూడా దీనితో చెప్పవచ్చు: మంట పెద్దదైతే బయట దోర దాటి మాడుతుంది, లోపల చీజ్ ఇంకా కరగనే కరగదు. కరిగిన చీజ్ సాగుతుంది, కొరికి లాగితే తీగలు తీస్తుంది. ఇక మూలనుంచి మూలకు కోయడాన్ని ‘ఐమూలగా కోయడం’ అంటారు. వదులుకోకూడని మాట ఇది. ‘ఫిల్లింగ్’కు మాత్రం మాట వెతకకండి. లోపల ఏముందో దాని పేరే చెబితే పాఠకునికి నోరూరుతుంది, ‘పూరకం’ అంటే ఊరదు.

మరొక సభ్యుని అభ్యంతరం

గురువుగారూ, తిండి పేరుగా ఒప్పుకుంటాను. కానీ ‘ఇద్దరి మధ్య శాండ్‌విచ్ అయిపోయాను’ అని రాస్తున్నారే, దానినీ ఒప్పుకోవాలా? మనకు ‘అడకత్తెరలో పోకచెక్క’ ఉంది కదా.

జవాబు

అయ్యా, అక్కడ నేను పూర్తిగా మీ పక్షమే. అడకత్తెరలో పోకచెక్క నలగదు, తెగుతుంది. బాధ ఎవరిదో ఆ సామెతలో స్పష్టంగా కనబడుతుంది. శాండ్‌విచ్‌లో నడుమ ఉన్నదే దొర. గుడ్డు శాండ్‌విచ్, చీజ్ శాండ్‌విచ్ అని దాని పేరుతోనే పిలుస్తాం. పైనా కిందా ఉన్న బ్రెడ్‌కు చాలాసార్లు పేరు కూడా దక్కదు. అటువంటి గౌరవస్థానాన్ని తీసుకుపోయి నిస్సహాయతకు ఉపమానం చేయడం నాకు మింగుడుపడదు. స్పానిష్‌లో శాండ్‌విచ్‌కు ‘ఎంపరెదాదో’ అనే మాట ఉంది, గోడల మధ్య మూసివేయబడినది అని దాని అర్థం. ఇరుక్కున్న మనిషి గోడు చెప్పుకోవడానికి ఆ మాటైతే కొంత పనికివచ్చేది.

మొదటి సభ్యురాలు

ధన్యవాదాలు గురువుగారూ. మొదటి పేరాను ఇలా మార్చాను: ‘ఐమూలగా కోసిన నాలుగు ముక్కలనూ పుల్లలు గుచ్చి నిలబెట్టారు. దోరగా కాలిన అంచు పంటికింద కరకరలాడింది, మూడవ బ్రెడ్ ముక్క దాకా నోరు తెరవడం మాత్రం నా వల్ల కాలేదు.’ శాండ్‌విచ్ అనే మాటను అలాగే ఉంచాను. ‘టూత్‌పిక్’ను పుల్ల అన్నాను, అది సరేనా?

జవాబు

సరేనమ్మా. పుల్లను మించిన మాట దానికి లేదు.