కంప్యూటర్ మారిస్తే కొన్న పాఠాలు తెరుచుకోవట్లేదు, దారి చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయనగరం. మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. తన కోసం 2017లో డబ్బు కట్టి కొన్న కర్ణాటక సంగీత వర్ణాల పాఠాలన్నీ పాత ఇంటెల్ మ్యాక్‌బుక్‌లో ఉన్నాయి. దాని బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచిపోయింది. గంటస్తంభం దగ్గర రిపేరు అబ్బాయి చూసి ఇక వాడొద్దన్నాడు.

ఆపిల్ 2020 నుంచి ఇంటెల్ వదిలి సొంత చిప్‌లకు మారింది కదా, కొత్తది అదే కొన్నాం. ఇంటెల్ కోసం రాసిన పాత ప్రోగ్రాములను అందులో రొసెట్టా 2 అనే ఆపిల్ సాఫ్ట్‌వేర్ నడిపిస్తుంది కాబట్టి పాఠాల ప్లేయర్ తెరుచుకుంటోంది. ఫైలు నొక్కితే మాత్రం 'ఈ కంప్యూటర్‌కు అనుమతి లేదు' అని వస్తోంది. వేరే కంప్యూటర్‌లో తెరవకుండా ఫైళ్లకు వేసిన డిజిటల్ తాళాన్ని పాత మెషీన్‌కే కట్టేశారు, అమ్మిన కంపెనీయేమో మూతపడింది. మొన్న పిల్ల మోహన వర్ణం సగంలో ఆపేసి, బో చేత్తో పట్టుకుని స్క్రీన్ వైపే చూస్తూ నిలబడిపోయింది. డబ్బిచ్చి కొన్నది మనది కాకపోవడం ఏం న్యాయం?

కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ చదివాను. హక్కులు ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి తాళం తీస్తే రెండేళ్ల వరకు జైలు అని ఉంది. ఇంట్లో పిల్ల సాధనకు తీసుకుంటే అది కూడా ఉల్లంఘనేనా? పోనీ, పాతదానికి బ్యాటరీ మార్పించి, పాఠం మోగుతుండగా రికార్డు చేసుకోవచ్చా? వచ్చే నెలలోనే పరీక్ష, చాలా టెన్షన్‌గా ఉంది. ఇలా చేసినవాళ్ళుంటే దయచేసి చెప్పండి.